వీరుడి మీద గౌరవం, నటన మీద అంచనా: ఆడీ మర్ఫీ

నటుడి మీద ఉన్న గౌరవం అతని నటనను అంచనా వేయడంలో ఎలా అడ్డు వస్తుందో ఈ భాగంలో పరిశీలిద్దాం. ఇందుకు అమెరికా నటుడు ఆడీ మర్ఫీని ఉదాహరణగా తీసుకుందాం.

1. నేపథ్యం

మర్ఫీ టెక్సాస్‌లోని ఒక పేద కౌలు రైతు కుటుంబంలో పుట్టాడు. 1942లో సైన్యంలో చేరాడు. 1945 జనవరి 26న ఫ్రాన్స్‌లోని హోల్ట్స్‌విర్ దగ్గర, మంటలంటుకున్న యుద్ధ వాహనం ఎక్కి, దాని మెషిన్‌గన్‌తో దాదాపు గంటసేపు జర్మన్ దళాలను నిలువరించాడు. ఆ సాహసానికి అమెరికా అత్యున్నత సైనిక పురస్కారమైన మెడల్ ఆఫ్ ఆనర్ లభించింది. ఆ ఏడాది జూలైలో లైఫ్ పత్రిక ముఖచిత్రంగా అతని ఫోటో వేసింది. దాన్ని చూసిన నటుడు జేమ్స్ కాగ్నీ అతణ్ణి హాలీవుడ్‌కు ఆహ్వానించాడు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. సాధారణంగా తెర మీది సాహసం చూసి ప్రేక్షకులు నటుణ్ణి వీరుడనుకుంటారు. మర్ఫీ విషయంలో కీర్తి ముందు వచ్చింది. నటన తరవాత మొదలైంది.

2. రెండు చిత్రాలు

జాన్ హ్యూస్టన్ దర్శకత్వం వహించిన ‘ద రెడ్ బ్యాడ్జ్ ఆఫ్ కరేజ్’ (1951) స్టీఫెన్ క్రేన్ నవల ఆధారంగా వచ్చింది. ఇందులో మర్ఫీది తొలి పోరులోనే భయపడి పారిపోయే యువ సైనికుడి పాత్ర. పసితనం వదలని ముఖం, తడబడే చూపు, తక్కువ మాటలు ఆ పాత్రకు సరిగ్గా అమరాయి. అతని నటనలో మేలైనది ఇదేనని చెప్పవచ్చు. అయితే నిర్మాణ సంస్థ చిత్రాన్ని సుమారు 70 నిమిషాలకు కుదించింది. చిత్రం ఆర్థికంగా విఫలమైంది.

‘టు హెల్ అండ్ బ్యాక్’ (1955) అతని 1949 నాటి ఆత్మకథకు తెర రూపం. ఇందులో మర్ఫీ తన పాత్రను తానే పోషించాడు. పుస్తకంలో తనకు వచ్చిన పతకాల ప్రస్తావన లేదు. చిత్రం మాత్రం పతక ప్రదానంతో ముగుస్తుంది. యూనివర్సల్ సంస్థకు ఇది భారీ వసూళ్లు తెచ్చింది.

3. విమర్శ

రచయితగా మర్ఫీ పక్కన పెట్టినదాన్నే చిత్రం శిఖరంగా నిలబెట్టింది. ఆ ముగింపులో ప్రేక్షకుడి అభినందన పాత్రకా, నటుడికా, సైనికుడికా? విడదీసి చెప్పడం కష్టం. తన కళ్లెదుట చనిపోయిన మిత్రుడి మరణాన్ని కూడా మర్ఫీ కెమెరా ముందు మళ్లీ అభినయించాడు. ఆ రోజుల్లో అతణ్ణి పీడకలలు వేధించేవి. తలగడ కింద పిస్తోలు పెట్టుకుని పడుకునేవాడు. మాజీ సైనికుల మానసిక వేదన గురించి తరవాత బహిరంగంగా మాట్లాడాడు కూడా. జనం మెచ్చిన దృశ్యం అతనికి మానని గాయం.

వీరుడి నటనను తూచడం అమర్యాద కాదా అని మీకు అనిపించవచ్చు. కాదు. ‘యుద్ధంలో గెలిచాడు కాబట్టి గొప్ప నటుడు’ అనడం, ‘సైనికుడే కాబట్టి నటన రాదు’ అనడం ఒకే రకం పొరపాటు. ఈ రెండు మాటలూ తెరను చూడకుండా అన్నవే. శౌర్యానికి పతకం ఇచ్చారు. నటనకు విలువ కట్టాల్సింది పాత్రను బట్టి. భయస్థుడి పాత్రలో మర్ఫీ చూపిన నిజాయితీని గుర్తించడమే అతనికి మనం ఇవ్వగల అసలైన గౌరవం.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. ఆత్మకథకూ చిత్రానికీ ముగింపులో కనిపించే తేడా ఏమిటి? ఆ తేడా చిత్రం అర్థాన్ని ఎలా మార్చింది?
2. మీరు అభిమానించే ఒక నటుడి పేరు మరచి, అతని ఒక్క సన్నివేశాన్ని పది వాక్యాల్లో అంచనా వేయండి.