తుప్పు తెగులుకు తిండి లేని 90 రోజులు

సోయాచిక్కుడు ఆకుల అడుగుభాగాన గోధుమరంగు పొక్కులుగా మొదలై, ముదిరితే ఆకునంతా పసుపుబార్చి కాయ నిండకముందే రాల్చివేసే తుప్పు తెగులుకు ఫకోప్సోరా పాకిరైజి అనే శిలీంధ్రం కారణం. ఇది బతికున్న ఆకుపై తప్ప ఎదగలేని పరాన్నజీవి కనుక ఎండిన మోళ్లలో నిలవదు, విత్తనం ద్వారానూ రాదు. పొక్కులు పగిలినప్పుడు దుమ్ములా వెలువడే సిద్ధబీజాలు, అంటే శిలీంధ్రానికి విత్తనాల వంటి సూక్ష్మకణాలు, గాలివాటున వందల కిలోమీటర్లు సాగిపోతాయి. దిగినచోట ఆకు ఆరు గంటలకు పైగా తడిగా ఉండి, ఉష్ణోగ్రత 15 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే మొలకెత్తి, ఆకు పైపొరను నేరుగా చీల్చుకుని లోపలికి చొరబడతాయి.

జపాన్‌లో 1902లో గుర్తించిన ఈ తెగులు 2001లో పరాగ్వే, బ్రెజిల్ దేశాలకు చేరింది. మొదట అక్కడి రైతులు మందులనే నమ్ముకున్నారు. కాని ఒకే తరహా మందును పదేపదే కొట్టినకొద్దీ దాన్ని తట్టుకునే శిలీంధ్రమే మిగిలి, ట్రయజోల్, స్ట్రోబిలురిన్ వర్గాల మందుల పదును క్రమంగా తగ్గింది. 2006 నుంచి బ్రెజిల్‌లోని కొన్ని రాష్ట్రాలు వేరే దారి పట్టాయి: కోతకూ తర్వాతి విత్తుకూ మధ్య నిర్ణీత కాలం పాటు చేలో ఒక్క సోయా మొక్క కూడా, గింజ రాలి తనంతట మొలిచినదైనా సరే, పచ్చగా ఉండరాదు. ఇప్పుడు ఆ గడువు కనీసం 90 రోజులు. చిక్కుడు జాతి మొక్కలు ఇంకా అనేకం ఈ శిలీంధ్రానికి ఆశ్రయమిస్తాయి గనుక తెగులు అంతరించదు; అయితే సిద్ధబీజాల రాశి తగ్గి, తెగులు ఆలస్యంగా వస్తుంది. పైరు గింజ పోసుకోవడానికి ఆ ఆలస్యమే కావాలి.

మన దేశంలో కృష్ణా పరీవాహకంలోని సాంగ్లీ, కొల్హాపూర్ ప్రాంతాలు, ఉత్తర కర్ణాటక ఈ తెగులుకు పేరుపడ్డాయి. ధార్వాడ్ విశ్వవిద్యాలయం రూపొందించిన డీఎస్‌బీ 21, రాహురి విశ్వవిద్యాలయపు ఫులే సంగం వంటి రకాలు తుప్పును కొంతవరకు తట్టుకుంటాయి. కింది ఆకులపై తొలి పొక్కులు కనిపించగానే లీటరు నీటికి ఒక మిల్లీలీటరు చొప్పున హెక్సాకొనజోల్ గాని ప్రొపికొనజోల్ గాని ఆకు అడుగు తడిసేలా పిచికారీ చేయాలి. పైపైన తడిపితే మందు దండుగే.

రెండు పంటల మధ్య ఒక్క రైతు తన చేను సోయా మొక్క లేకుండా ఉంచుకున్నా పక్క చేలో సోయా పచ్చగా ఉంటే ఫలం ఉండదు. యాసంగిలోనూ సోయా వేస్తే ఆ విరామమే ఉండదు. అందుచేత ఆదిలాబాద్, నిర్మల్ వంటి వానకాలపు సోయా జిల్లాల్లో విత్తనం కోసమైనా యాసంగి సోయాను ప్రోత్సహించే ముందు, వ్యవసాయ అధికారులు బ్రెజిల్ పాటిస్తున్న ఈ విరామాన్ని లెక్కలోకి తీసుకోవాలి.