అరవై ఏళ్ల లెక్క

శ్రీ అరవిందులు 1950 డిసెంబర్ 5న పుదుచ్చేరిలో కన్నుమూశారు. ఆయన బతికుండగా అచ్చైన రచనల మీద మన దేశంలో కాపీరైట్ 2010 డిసెంబర్ 31 దాకా నిలిచింది. అరవై ఏళ్లు, పైన ఇరవై ఆరు రోజులు. ఆ ఇరవై ఆరు రోజులు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూస్తే చట్టం రాసినవాళ్ల పనితనం తెలుస్తుంది.

1957 నాటి కాపీరైట్ చట్టంలో సెక్షన్ 22, ఒక వివరణ మినహా, ఒకే ఒక్క వాక్యం. రచయిత పోయిన రోజు నుంచి అది లెక్క మొదలుపెట్టదు. ఆ ఏడాదిని పూర్తిగా గడవనిచ్చి, మరుసటి జనవరి 1 నుంచి అరవై ఏళ్లు లెక్కిస్తుంది. దీనివల్ల ఏ సంవత్సరంలో పోయారో తెలిస్తే చాలు, తిథీ వారమూ వెతకనక్కర్లేదు. ఒకే ఏడాది పోయిన రచయితలందరి గడువూ ఒకే అర్ధరాత్రి ముగుస్తుంది. ప్రచురణకర్త తన జాబితాను ఏడాదికోసారి చూసుకుంటే సరిపోతుంది.

మొదట ఈ గడువు యాభై ఏళ్లే. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941లో పోయారు కాబట్టి 1991 ఆఖరుకి ఆయన రచనలు హక్కుదారైన విశ్వభారతి సంస్థ చేయి దాటిపోవలసింది. సరిగ్గా ఆ డిసెంబర్ చివర్లో ఆర్డినెన్స్ తెచ్చి గడువు పదేళ్లు పెంచారు. 1992లో అది సవరణ చట్టమైంది. విశ్వకవి కోసం వేసిన మెట్టు మీద అరవిందులూ నిలబడ్డారు. లేకపోతే ఆయన రచనలు 2000 ఆఖరుకే అందరివీ అయ్యేవి. ఒక్క సంస్థ ఆదాయం కోసం దేశమంతటి గడువు మార్చడం నాకు నచ్చదుగానీ, గడియారం చెడకుండా ముల్లు మాత్రమే జరిపిన నేర్పు మెచ్చుకోదగ్గదే.

అసలు చిక్కు ‘సావిత్రి’తో. పన్నెండు పర్వాలు, నలభై తొమ్మిది సర్గలు, ఇరవై నాలుగు వేల పంక్తులకు అటూ ఇటూ ఉండే ఇంగ్లిష్ మహాకావ్యం ఇది. మొదటి భాగం, అంటే తొలి మూడు పర్వాలు, 1950లో కవి ఉండగానే పుస్తకమైంది. మిగిలిన రెండు భాగాలూ 1951లో, ఆయన పోయాక వచ్చాయి. మరణానంతరం తొలిసారి వెలువడిన రచనలకు సెక్షన్ 24 వేరే లెక్క పెట్టింది. అక్కడ చూసేది కవి పోయిన ఏడు కాదు, రచన బయటికొచ్చిన ఏడు. 1951 మరుసటి జనవరి నుంచి అరవై ఏళ్లంటే 2011 డిసెంబర్ 31. ఒకే కావ్యంలో మొదటి భాగం ఒక ఏడాది ముందు విడుదలై, వెనకది ఇంకో ఏడాది ఆగిందన్నమాట. అందులోనూ కొన్ని సర్గలు కవి జీవించి ఉండగానే పత్రికల్లో వచ్చాయి, వాటికి మళ్లీ సెక్షన్ 22 లెక్కే. అసలు కావ్యమంతా ఒక్క కృతా, సర్గకొక కృతా అని ఎవరైనా లాయరు అడగొచ్చు. అడిగితే కాదనలేం.

ఇక ‘సావిత్రి’ పాఠం తయారైన తీరు. చూపు మందగించాక కవి చెబుతుంటే నిరోద్‌బరన్ రాసేవారు. ఆయన ఎడిన్‌బరోలో చదివిన డాక్టరు. 1938లో అరవిందుల కాలు విరిగినప్పటి నుంచి సేవలో ఉన్నారు. దిద్దుబాట్లు నిండిన చిత్తుప్రతిని ఆయన సాపు రాస్తే, కవి శిష్యుడు నళినీకాంత గుప్తా టైపు కొట్టేవారు. ఆ టైపు ప్రతిని చదివి వినిపిస్తే కవి మళ్లీ మార్పులు చెప్పేవారు. తర్వాత ప్రెస్సు, ప్రూఫులు, ఆ ప్రూఫుల మీద కూడా మార్పులు. ఇన్ని చేతులు మారినచోట అక్షరం జారకుండా ఉంటుందా? రాసేటప్పుడు ఒక మాట పొరపాటుగా చదివి ఉండొచ్చు, టైపులో కామా ఎగిరిపోయి ఉండొచ్చు, పెద్ద అక్షరం చిన్నదైపోయి ఉండొచ్చు.

పుదుచ్చేరిలోని అరవిందాశ్రమం ఆర్కైవ్స్‌లోని సంపాదకులు ఏళ్ల తరబడి ఈ ప్రతులన్నిటినీ పంక్తి పంక్తికీ పక్కపక్కన పెట్టి పోల్చారు. 1993లో వచ్చిన సవరించిన ముద్రణ వాళ్ల కష్టం. ఏ మార్పు ఎందుకో చెప్పే అనుబంధాన్ని కూడా వేరుగా ప్రచురించారు. పంక్తిని తప్పుగా చదివి వినిపిస్తే, దాన్ని విన్న కవి, చుట్టూ ఉన్న మాటలు సర్ది ఆ పంక్తిని అలాగే ఉంచితే, ఆ తప్పు ఇప్పుడు ఎవరిది? రాతప్రతిలో మొదటి మాట ఉంది, చెవిన పడి ఆమోదం పొందిన మాట ఇంకొకటి ఉంది. రెంటిలో ఏది కవిదో తేల్చడానికి వ్యాకరణం చాలదు. ఏ మాట ఏ దశలో, ఎవరి చేతిలో మారిందో వెనక్కి నడిచి చూడాలి.

ఇంత శ్రమకి సంపాదకులకు కాపీరైట్ వస్తుందా? దీనికి దారి చూపే తీర్పు 2007 డిసెంబర్ 12న సుప్రీం కోర్టు ఇచ్చింది. సుప్రీం కోర్టు తీర్పుల్ని సవరించి, దిద్ది అచ్చు వేసే ఈస్టర్న్ బుక్ కంపెనీ, తమ పాఠాన్ని ఎత్తి సీడీల్లో పెట్టారని డి.బి. మోదక్ మీదా మరొకరి మీదా పోరాడిన కేసు అది. న్యాయమూర్తులు చాలా సన్నని గీత గీశారు. అచ్చుతప్పులు దిద్దడం, ఉటంకింపులు సరిచూడడం లాంటివి కష్టమే, కానీ కష్టం ఒక్కటే చాలదన్నారు. నైపుణ్యం, నిర్ణయశక్తి, వాటితోపాటు కాస్తయినా సృజన ఉండాలి. అందుకే పేరాలు విడదీసి నంబర్లు వేసే పనికి రక్షణ దొరికింది. దిద్దుబాటుకు దొరకలేదు.

ఆ కొలత తెచ్చి ‘సావిత్రి’ మీద పెడితే ఒక విచిత్రం కనిపిస్తుంది. సంపాదకుడు ఎంత నిజాయతీగా కవి మాటను కవికి తిరిగి అప్పజెబితే, అందులో తన సొంతం అంత తక్కువ. పని పూర్తిగా నెరవేరితే హక్కు సున్నా. కవి మాటకు బదులు తన మాట పెడితేనే సృజన అవుతుంది, అది సంపాదకత్వానికి ద్రోహం. న్యాయం అన్యాయం సంగతి అటుంచితే, ఆ పనికున్న గౌరవం ఎక్కడుందో ఆ తీర్పు తెలియకుండానే చెప్పింది. సంపాదకులు రాసిన ముందుమాటలూ, గమనికలూ మాత్రం వాళ్లవే. మరైతే రాతప్రతిలో ఉండి 1993లో తొలిసారి అచ్చెక్కిన మాటలకు సెక్షన్ 24 కొత్త అరవై ఏళ్లు ఇస్తుందా? విడి మాట కృతి కాదు కాబట్టి ఆ దారీ మూసుకుపోతుంది.

గడువు ముగిశాక ఎవరైనా పాఠాన్ని పాడు చేసుకోవచ్చా అంటే, దానికి సెక్షన్ 57 ఉంది. 2012 సవరణకు ముందు కృతిని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు కాపీరైట్ ఉన్నంతవరకే. ఆ సవరణ కొత్తగా ఏమీ చేర్చకుండా, ఆ గడువు చెప్పే కొన్ని మాటల్ని కొట్టేసింది. గడువు ముగిశాక కూడా రచయిత వారసులు ఇప్పుడు ఆ వక్రీకరణను అడ్డుకోవచ్చు. కొట్టివేతతో కట్టిన హక్కు ఇది, చట్టం రాసే పనిలో ఇంతకంటే పొదుపైన దెబ్బ నేను చూడలేదు.

తెలుగువాళ్లకు అరవిందులు కొత్తకాదు. 1948 డిసెంబర్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనకు కట్టమంచి రామలింగారెడ్డి పేరిట జాతీయ బహుమతి ఇచ్చింది. ఇప్పుడు ‘సావిత్రి’ని తెలుగు చేయాలనుకునేవారు ఎవరినీ అడగనక్కర్లేదు, చేసిన అనువాదం మీద హక్కు అనువాదకుడిదే. అరవిందులతో కలిసి ఆశ్రమాన్ని నడిపిన శ్రీమాత రచనలతో మాత్రం జాగ్రత్త. ఆమె 1973 నవంబర్ 17న పోయారు కాబట్టి, జీవించి ఉండగా వెలువడిన రచనల గడువు 2033 డిసెంబర్ 31. ఆమె ఫ్రెంచిలో రాసుకున్న ప్రార్థనల్లో కొన్నిటిని అరవిందులే ఇంగ్లిష్ చేశారు. ఆ ఇంగ్లిష్ మీద ఆయన హక్కు ముగిసింది, కింద ఉన్న ఫ్రెంచి మూలం మీద ఆమె హక్కు ఉంది. కాబట్టి ఆ ఇంగ్లిష్ చూసి తెలుగు చేసేవారు కూడా 2033 డిసెంబర్ 31 దాకా అనుమతి తీసుకోవలసిందే.