కెమెరా బాగుందిట, సరే!

ఈమధ్య ఫోన్ల గుణదోషాలు ఎంచి చెప్పే వ్యాసాలూ వీడియోలూ చాలా చూశాను. పెళ్ళిచూపుల్లో పిల్ల గుణగణాలు ఏకరువు పెట్టినట్టు కెమెరాకి ఇన్ని మార్కులు, తెరకి ఇన్ని, బ్యాటరీకి ఇన్ని అని వేసి, చివరికి అన్నీ కూడి భాగించి ఒక అంకె తేలుస్తారు. నా పేచీ ఆ అంకెతోనే. పప్పులో నెయ్యికి పదికి తొమ్మిది, ఇంగువ పోపుకి పదికి పది, ఉప్పుకి సున్న వేసి, మొత్తం మీద పప్పు బాగానే ఉందంటే ఏ ఇల్లాలికైనా మింగుడుపడుతుందా?

పైగా ఈ పరీక్షలన్నీ కరెంటు పోని చోట, చల్లని గదిలో కూచుని చేసేవి. బందరు, గుడివాడ, దివిసీమల్లో కాపురాలు చేసుకునేవాళ్ళకి ఆ గది కొలతలు సరిపోవు.

మా వైపు ఈ బేరీజు కొత్తదేం కాదు. రేడియోలనాడే మొదలయింది. వాల్వుల రేడియో పాడితే హాలంతా నిండేది. బల్లమీద పెట్టి, అల్లిన గుడ్డ కప్పితే ఇంటికే అందం. ట్రాన్సిస్టరు గొంతు కాస్త పీల, పైగా సెల్సు ఖర్చొకటి. లైసెన్సు డబ్బు పోస్టాఫీసులో కట్టడం మాత్రం రెంటికీ తప్పేది కాదు. అయితే వాల్వుల రేడియోకి కరెంటు ఉండాలి, స్విచ్చి వేశాక అది వేడెక్కేదాకా ఆగాలి. ట్రాన్సిస్టరు అలా కాదు. వంటింటి గట్టుమీదా పలికేది, పొలం గట్టుమీదా పలికేది. హాల్లో కూచునే మగవాళ్ళు కంఠం చూసి మొదటిదానికి ఓటేస్తే, వంటింట్లో ఉండే ఆడవాళ్ళు రెండోదాన్ని కోరుకున్నారు. ఎవరి మాట నెగ్గిందో చెప్పనక్కర్లేదు గదా!

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. అధికార లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. స్తంభాలు కూలి, తీగలు తెగి, లోపలి ఊళ్ళలో ఏం జరిగిందో బయటివాళ్ళకి తెలియడమే ఆలస్యమయింది. ఇంటింటా ట్రాన్సిస్టరు ఉంటే అందరూ బతికేవారని నేననను. ఎక్కడానికి మేడ లేనివాడికి, ఎక్కడికైనా పోదామంటే బండి లేనివాడికి హెచ్చరిక వినబడి మాత్రం ఏం లాభం? కాని కరెంటు పోయిన రాత్రి ఏ వస్తువు పలుకుతుందన్న ప్రశ్న ఇక్కడివాళ్ళు ఊసుపోక వేసేది కాదు.

ఆ ప్రశ్నే ఈనాటి ఫోనుకి వేసి చూడండి. దాన్నిండా ఛార్జి ఉన్నా, దగ్గర్లో టవరుకి కరెంటు పోయి, దాని బ్యాటరీలూ జనరేటరూ కూడా చేతులెత్తేస్తే అది ఉత్త టార్చిలైటే. సిగ్నలు కోసం వెతుక్కునేకొద్దీ ఛార్జి మరీ తొందరగా తినేస్తుంది. రేడియోకి మాట్లాడే స్టేషను ఎక్కడో దూరాన, గాలివానకి అవతల ఉంటుంది. ఎఫ్.ఎం. గొంతు తేట గాని కొద్ది దూరమే వస్తుంది. మీడియం వేవ్ ఉరుములకి గరగరలాడినా, రాత్రిపూట ఇంకా దూరం వినిపిస్తుంది.

ఫోన్లు నాజూకు కావాలని ఇయర్‌ఫోను గుచ్చే రంధ్రం తీసేశారు చూడండి, ఎఫ్.ఎం.కి ఏరియల్ ఆ ఇయర్‌ఫోను తీగే! చాలా ఫోన్లలో రంధ్రంతోపాటు రేడియో కూడా మాయమయింది. విపత్తు వేళల్లో అవసరం, ఎఫ్.ఎం. ఉంచండి అని 2023లో కేంద్ర ప్రభుత్వమే తయారీదార్లకి సలహా ఇవ్వవలసి వచ్చింది. దీనికి మార్కులు వేసిన పుణ్యాత్ముడు నాకింతవరకూ తారసపడలేదు. నీళ్ళలో పడ్డా పరవాలేదని చాటే ఐపీ 68 గుర్తు కూడా మంచినీళ్ళ పరీక్షకి వచ్చినది. కోడూరు, నాగాయలంకల ఉప్పుగాలి దాన్ని చదవదు.

అలాగని ఫోను దండగనడం లేదు. రేడియో చెబుతుందే గాని మన మాట వినదు. 'స్కూల్లో తలదాచుకున్నాం, అందరం క్షేమం' అని హైదరాబాదులో కూతురికి చెప్పేది ఫోనే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటాక, అవనిగడ్డ వైపు ఒంటరిగా ఉండే మా పిన్నికి బటన్ ఫోను కొందామని బయల్దేరదీశాను. ఛార్జి రోజుల తరబడి ఆగుతుంది, కొన్నిటిలో తీగ లేకుండానే ఎఫ్.ఎం. వస్తుంది, టార్చీ ఉంది. నా లెక్కకి అన్నీ కుదిరాయి.

"మనవరాలి మొహం కనబడని ఫోను నాకెందుకే?" అందావిడ.

ఆవిడ పప్పులో ఉప్పు అదీ. ఏ పట్టికలో వేస్తారు దాన్ని?

ఆఖరికి పెద్ద ఫోను అలాగే ఉంచి, గుడివాడలో సెల్సు వేసే చిన్న రేడియో ఒకటి, రెండు బ్యాండ్లూ ఉన్నది కొన్నాం. "ఇంకా ఇవి వినేవాళ్ళున్నారా అండీ?" అన్నాడు షాపతను. సెల్సు లోపలే ఉంచేస్తే కారి, స్ప్రింగులు తుప్పు పడతాయని పిన్ని వాటిని తీసి విడిగా డబ్బాలో దాస్తుంది. అక్టోబరు రాగానే కొత్తవి తెప్పించి, వేసి చూసి, రేడియోని మందుల పెట్టె పక్కన పెడుతుంది. మిగతా రోజుల్లో దాని మొహం చూడదు.