తుక్కులోంచి మిల్లింగ్ మెషీన్

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రానికి చెందిన డేవిడ్ గింగరీ పుస్తకాలు తిరగేస్తే ముందు నవ్వొస్తుంది. మెషీన్లు కట్టుకుందామని తెరిస్తే మొదటి పుస్తకం నిండా బొగ్గుల కొలిమే! ఆ కొలిమిలో తుక్కు అల్యూమినియం సుమారు 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. దాన్ని ఇసుక అచ్చుల్లో పోసి ముందు లేత్, ఆ తర్వాత షేపర్ కట్టాలి. నాలుగో పుస్తకానికి గానీ మిల్లింగ్ మెషీన్ వంతు రాదు. యంత్రం యంత్రాన్ని కనడమంటే ఇదే.

నాకు మాత్రం మెషీన్‌లో ఒకదానిమీద ఒకటి జారే ముఖాలను చదును చేసే గీకుడు పనంటేనే మక్కువ. చదునైన పలకకు నీలం రంగు పల్చగా పులిమి, భాగాన్ని దానిమీద రుద్దుతారు. నీలం అంటినచోట మిట్ట ఉన్నట్టు. అక్కడ స్క్రేపర్‌తో రవ్వంత గీకాలి. మళ్లీ రుద్దాలి, మళ్లీ గీకాలి. పొద్దుగూకినా నీలం చుక్కలు అంతటా సమంగా పడవు! అయినా విడవకూడదు. స్లైడు వదులైతే కట్టర్ వణికి లోహం మీద అలలు తేలతాయి. బిగిస్తే టేబులే కదలదు. స్లైడులోని సందును సర్దేది గిబ్ అనే సన్నని పట్టీ.

చిన్న మెషీన్లు బజారులో దొరకవా అంటే, దొరుకుతాయి. కొన్నవాడు కోత బాగోకపోతే మెషీన్‌ను తిడతాడు. కట్టుకున్నవాడు రెంచి తీసుకుని తిన్నగా గిబ్‌ను బిగించే మరల దగ్గరికి పోతాడు.