ఆ కాస్త వదులు

పాత అమెరికన్ కార్లను రేస్ ట్రాక్ మీద తిప్పేవాళ్లు నలుగురు కూడితే ఇంజిన్ దగ్గర మొదలైన మాట కాసేపటికి వెనక చక్రాల దగ్గర ఆగుతుంది. అక్కడో పాత తగాదా ఉంది. 1960ల నాటి డాడ్జ్, ప్లిమత్ కార్ల వెనక యాక్సిల్‌లో కంపెనీ పెట్టిన టేపర్ రోలర్ బేరింగులనే ఉంచుకోవాలా, వాటిని పీకేసి సీలు చేసిన బాల్ బేరింగులు వెయ్యాలా? ఈ బాల్ బేరింగులకు ఆ లోకంలో 'గ్రీన్ బేరింగులు' అని పేరు. వేసుకున్నవాళ్లు ఏళ్ల తరబడి ఏమీ కాలేదంటారు. వద్దనేవాళ్లు మలుపులో చూసుకో అంటారు. నా మొగ్గు రెండోవాళ్ల వైపే. అయితే వాళ్లు చెప్పే కారణం చాలాసార్లు సగమే నిజం.

వెనక యాక్సిల్ షాఫ్టు ఒక కొస డిఫరెన్షియల్ గేరు పళ్లలోకి దిగి ఉంటుంది. రెండో కొసకు చక్రం బిగించి ఉంటుంది. ఆ చక్రం వైపు కొసన, షాఫ్టును కప్పి ఉన్న గొట్టం మూతి లోపల ఉండేది ఒకే ఒక బేరింగు. కారు బరువు మోసేది అదే, మలుపులో చక్రం పక్కకు జరగకుండా ఆపేదీ అదే. తిన్నగా పోయే కారుకు మొదటి పనే ముఖ్యం. పావు మైలు డ్రాగ్ స్ట్రిప్ మీద ఇంజిన్ ఎంత పెద్దదైనా పక్క ఒత్తిడి దాదాపు ఉండదు. ట్రాక్ అలా కాదు. 1,500 కిలోల కారు మెత్తని టైర్ల మీద 1 జి దగ్గర మలుపు తిరిగితే నాలుగు టైర్లూ కలిసి పక్కకు తోసే బలం కూడా సుమారు 1,500 కిలోలే. అందులో దాదాపు సగం వెనక యాక్సిల్ వాటా. ఇది ఒక్క మలుపుతో పోయేది కాదు, ల్యాపుకి పదో పన్నెండో మలుపులు, అరగంట సేపు.

గుండు తన గాడిని తాకేది చిన్న చుక్క మేర. పక్కకు తోస్తే ఆ చుక్క గాడి గోడ మీదికి ఎగబాకుతుంది, ఒత్తిడంతా అక్కడ పోగవుతుంది. రోలరు ఒక గీత పొడవునా తాకుతుంది, ఆ రోలర్లను వాలుగా అమర్చితే పై నుంచి వచ్చే బరువూ పక్క నుంచి వచ్చే తోపూ రెండూ అదే గీత మీద పరుచుకుంటాయి. ఈ ఊహ కార్లది కాదు, బండ్లది. జర్మనీలో పుట్టి అమెరికాలోని సెయింట్ లూయీలో గుర్రబ్బండ్లు చేసి స్థిరపడిన హెన్రీ టిమ్కెన్, బండి మలుపు తిరిగేటప్పుడు ఇరుసు మీద పడే పక్క ఒత్తిడికి విరుగుడు వెతికి 1898లో టేపర్ రోలర్ బేరింగుకు పేటెంటు పొందాడు. మరుసటి ఏడాది కంపెనీ పెట్టాడు. మన లారీ షెడ్లలో ఇప్పటికీ 'టేపర్ బేరింగు', 'టిమ్కెన్' అన్న రెండు మాటలూ ఒకే అర్థంలో వాడేస్తారు.

టేపర్ బేరింగుకు ఒక పరిమితి ఉంది. అది ఒక దిక్కు తోపునే ఆపగలదు. రెండో దిక్కుకు తోస్తే కోను, అంటే రోలర్లున్న లోపలి భాగం, కప్పులోంచి, అంటే బయటి రింగులోంచి, ఊడి వచ్చేస్తుంది. అందుకే ఎక్కడ చూసినా ఇవి జంటగా, ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. డాడ్జ్, ప్లిమత్‌ల మాతృ సంస్థ క్రైస్లర్ 1957లో తెచ్చిన ఎనిమిది ముప్పావు అంగుళాల యాక్సిల్‌లో (అది క్రౌన్ వీలు వ్యాసం) ఈ జంటను విడదీసిన తీరు చూడాలి. ఒక బేరింగు ఎడమ చక్రం దగ్గర, దాని జోడీ కుడి చక్రం దగ్గర. మధ్యలో, డిఫరెన్షియల్ లోపల, రెండు షాఫ్టుల కొసల నడుమ ఒక థ్రస్ట్ బ్లాకు, అంటే చిన్న ఉక్కు దిమ్మ.

ఎడమ మలుపు అనుకోండి. రోడ్డు రెండు వెనక టైర్లనూ ఎడమకు నెడుతుంది. కుడి చక్రం కారు లోపలికి నెట్టబడుతుంది. కుడి బేరింగు ఆ దిక్కును ఆపలేదు కాబట్టి ఆ తోపు షాఫ్టు వెంట వెళ్లి దిమ్మను తాకి, అక్కణ్నుంచి ఎడమ షాఫ్టుకు చేరుతుంది. ఎడమ చక్రం తన వాటా తోపుతో ఎలాగూ బయటికే పోతున్నది. అంటే రెండు చక్రాల పక్క బలం మొత్తం ఎడమ బేరింగు మీద పడుతుంది. కారు బరువు కుడి చక్రం మీదికి ఒరిగి ఉన్న వేళ, తేలికపడిన లోపలి వైపు బేరింగు ఇద్దరి తోపూ ఒంటరిగా మోస్తుందన్నమాట. మలుపు బయటి వైపు బేరింగే నలిగిపోతుందని వాదించేవాళ్లు ఈ యాక్సిల్ విషయంలో పొరబడేది ఇక్కడే. బయటిది బరువు మోస్తుంది, లోపలిది తోపు మోస్తుంది. పని పంచుకున్నారు. గ్రీన్ బేరింగులు వేస్తే ఈ పంపకం పోయి, ఎవరి చక్రం తోపు వాళ్లే మోసుకోవాలి. బయటి చక్రం బేరింగుకు పై బరువూ పక్క తోపూ రెండూ ఒకేసారి ఎక్కువవుతాయి, అదీ చుక్కల మీద.

టేపర్ బేరింగుల పక్షాన నేను నిలబడేది అవి బలమైనవని కాదు, సర్దుకోవడానికి వీలిస్తాయని. కుడి గొట్టం కొసన మరలున్న ఒక సర్దుబాటు రింగు ఉంటుంది. దాన్ని తిప్పితే కుడి కప్పు లోపలికో బయటికో జరుగుతుంది, దాంతో షాఫ్టులు రెండింటికీ కలిపి ఉండే వదులు తగ్గుతుంది, పెరుగుతుంది. కంపెనీ మాన్యువల్ ప్రకారం ఆ వదులు 0.008 నుంచి 0.018 అంగుళం. లేత్ పనివాళ్ల లెక్కలో 8 నుంచి 18 థౌ, మిల్లీమీటర్లలో సుమారు 0.2 నుంచి 0.46. అసలు వదులు లేకుండా బిగిస్తే బేరింగు వేడెక్కి, వ్యాకోచించి, తనను తానే నలుపుకుంటుంది. ఎక్కువ వదిలితే ప్రతి మలుపులో చక్రం అటూ ఇటూ కొట్టుకుంటుంది.

పని వరస ఇదీ. ఎడమ షాఫ్టు ముందు ఎక్కించి నట్లు బిగిస్తారు. తర్వాత కుడిది. ఎడమ బ్రేక్ ప్లేటుకు డయల్ గేజి తగిలించి, దాని ముల్లు షాఫ్టు కొసకు ఆనేలా పెడతారు. కుడివైపు రింగును ఇక షాఫ్టు కదలదన్నంత వరకు లోపలికి తిప్పుతారు. అక్కణ్నుంచి వెనక్కి సుమారు నాలుగు గళ్లు. చాలామంది ఇక్కడే గేజి చదివి చేతులు తుడుచుకుంటారు. అది తప్పు కొలత. కుడి కప్పు ఇంకా పాత చోటే గొట్టంలో కరుచుకొని ఉంటుంది, రింగు మాత్రమే వెనక్కి వచ్చింది. ఎడమ షాఫ్టు కొసన రబ్బరు సుత్తితో మెల్లగా తట్టాలి. ఆ దెబ్బ దిమ్మ గుండా కుడి షాఫ్టుకు చేరి కుడి కప్పును రింగుకు ఆనిస్తుంది. తర్వాత షాఫ్టును కొన్ని చుట్లు తిప్పి, రోలర్లు కుదురుకున్నాక చదివితే అసలు అంకె కనిపిస్తుంది. అప్పుడు రింగు తిరగకుండా లాకు ప్లేటు వెయ్యాలి. పాత మహీంద్రా జీపు వెనక యాక్సిల్‌కు పల్చటి షిములు తీస్తూ వేస్తూ ప్లే సరిచేసిన మన మెకానిక్కులకు ఇందులో కొత్త ఏమీ లేదు. అక్కడ షిము చేసే పని ఇక్కడ మర చేస్తుంది.

ప్రెస్సు దగ్గర జాగ్రత్తలు కొన్ని. ఒత్తిడి కోను లోపలి రింగు మీదే పడాలి, రోలర్ల పంజరం మీద పడితే బేరింగు బండి ఎక్కకముందే చచ్చినట్టు. కొత్త బేరింగు కన్నా ముందు, దాన్ని గొట్టంలో పట్టి ఉంచే రిటెయినర్ ప్లేటు షాఫ్టుకు తొడగాలి. అది నేల మీద మరచిపోయి బేరింగూ దాని వెనక కాలరూ రెండూ నొక్కేశాక గుర్తొస్తే, కాలరును ఉలితో గాటు పెట్టి కోయడం తప్ప దారి లేదు. ఈ బేరింగుకు డిఫరెన్షియల్ ఆయిలు అందదు, లోపలి సీలు ఆపేస్తుంది. అందుకే గ్రీజు అరచేతిలో పెట్టుకుని రోలర్ల సందుల్లోకి నొక్కి నొక్కి నింపాలి. విప్పిన ప్రతిసారీ ఆ సీలు కొత్తది వేయాల్సిందే.

ఇంత చాకిరీ ఎందుకని గ్రీన్ బేరింగుల వైపు పోయేవాళ్లను తప్పుపట్టలేం. 50 ఏళ్ల తుప్పుతో ఆ సర్దుబాటు రింగు కదలని బళ్లు బోలెడు. సీలు బేరింగు అయితే నొక్కడం, బిగించడం, అంతే. గేజి అక్కర్లేదు. ఆదివారం పూట బజార్లో తిరిగే బండికీ, డ్రాగ్ స్ట్రిప్‌కు పోయే బండికీ అది చాలు. నిజానికి అదే సుఖం. డిస్కు బ్రేకులు పెట్టుకున్నవాళ్లకు దానిలో ఒక లాభం కూడా ఉంది, అది టేపర్ పక్షంవాళ్లు ఒప్పుకోరు. టేపర్ యాక్సిల్‌లో వదిలిన ఆ 8 నుంచి 18 థౌ మేరకు చక్రంతో పాటు డిస్కూ పక్కకు జరుగుతుంది. కాలిపర్ కదలకుండా బిగించిన రకమైతే డిస్కు ఆ జరుగుడులో ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తుంది. మలుపు దాటి, పొడుగాటి తిన్నని దారి చివర బ్రేకు తొక్కితే పెడలు సగం దూరం ఉత్తినే దిగిపోతుంది. గంటకు 180 కిలోమీటర్ల దగ్గర ఆ ఒక్క క్షణం ఎంత పొడుగో తొక్కినవాడికే తెలుసు. అందుకే కొందరు డ్రైవర్లు తిన్నని దారి మీద ఎడమ కాలితో పెడలును ముందే ఒకసారి తట్టి ఉంచుతారు. టేపర్ వాడే ట్రాక్ మనిషి వదులును 18 దగ్గర కాక 8 దగ్గరే పెట్టుకుంటే మంచిది. ప్యాడ్లతో పాటు పక్కకు జారే కాలిపర్ అయితే ఈ బాధ చాలావరకు ఉండదు, పాత డ్రమ్ము బ్రేకులకైతే అసలే లేదు.

ఫోర్డు వాళ్ల కథ వేరు. 1957లోనే వచ్చిన వాళ్ల తొమ్మిది అంగుళాల యాక్సిల్‌లో ప్రతి షాఫ్టునూ దాని కొసన ఉన్న ప్లేటే పట్టి ఉంచుతుంది, మధ్యలో దిమ్మ ప్రసక్తి లేదు. మూతి లోపలి వ్యాసం చూసి బేరింగు కొంటారు. చిన్నదయితే 2.835 అంగుళాలు, పెద్దదయితే 3.150, అంటే సరిగ్గా 72, 80 మిల్లీమీటర్లు. పెద్ద మూతికి 'సెట్ 20' అనే టేపర్ సెట్టు దొరుకుతుంది, మలుపులున్న ట్రాక్‌కు పోయేవాళ్లు దాన్నే అడుగుతారు. 1986 నుంచి 2014 దాకా మస్టాంగ్‌లలో వచ్చిన 8.8 అంగుళాల యాక్సిల్‌ది ఇంకో రకం ఇబ్బంది. షాఫ్టును పట్టి ఉంచేది డిఫరెన్షియల్ లోపలి సి ఆకారపు క్లిప్పు. బయటి కొసన రోలర్లు నేరుగా షాఫ్టు ఒంటి మీదే దొర్లుతాయి. రోలర్లు చెడితే షాఫ్టుకూ గాటు పడుతుంది, షాఫ్టు విరిగిందా, చక్రం తన దారి తాను చూసుకుంటుంది. ఈ బండితో ట్రాక్‌కు పోదల్చుకున్నవాళ్లు బేరింగు ఎంపిక కన్నా ముందు ఆ క్లిప్పు సంగతి తేల్చుకోవాలి.

అంతా విన్నాక డబ్బున్నవాడు అడిగేది ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్. అందులో హబ్బు రెండు టేపర్ బేరింగుల మీద గొట్టానికే కూర్చుంటుంది. షాఫ్టుకు తిప్పడం తప్ప ఇంకే పనీ లేదు. అమెరికాలో నాస్కార్ రేసు కార్లు దశాబ్దాల పాటు తొమ్మిది అంగుళాల ఫోర్డు యాక్సిల్‌ను ఈ పద్ధతిలోనే వాడాయి. మనకు ఇదేమీ వింత కాదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ జాకీ ఎత్తకుండానే, చక్రం చక్రం చోటే ఉండగా, మెకానిక్ ఎనిమిదో పదో నట్లు విప్పి యాక్సిల్ షాఫ్టును బయటికి లాగేస్తాడు. లోడు లారీ నిలబడే ఉంటుంది, ఎందుకంటే దాన్ని మోసేది షాఫ్టు కాదు. రేసు కారు కోసం వేలకు వేలు పోసి కొనేది చివరికి ఆ లారీ ఏర్పాటే.

అంత ఖర్చు పెట్టలేక ఎనిమిది ముప్పావుతోనే ట్రాక్‌కు వెళ్లేవాళ్లకు ఒక అలవాటు అవసరం. ప్రతి ట్రాక్ రోజు తర్వాత చక్రం విప్పి, గేజి తగిలించి వదులు చదివి పుస్తకంలో రాసుకోవాలి. మొన్న 9 ఉన్నది ఇవాళ 15 చూపించిందంటే వెంటనే బేరింగును తిట్టకూడదు. ముందు లాకు ప్లేటు కదిలిందేమో, రిటెయినర్ నట్లు వదులయ్యాయేమో చూడాలి. అవి గట్టిగా ఉండి కూడా అంకె పెరుగుతూ పోతుంటే అప్పుడు షాఫ్టు బయటికి లాగి, కప్పును గుడ్డతో తుడిచి, వెలుతురులో తిప్పి చూడాలి. రోలర్లు తిరిగిన బాటలో నీలి మరక ఉంటే వేడి, పెచ్చులు లేచి ఉంటే అలసట, అంతా మసకగా గరుకుగా ఉంటే గ్రీజులో మట్టి. మొదటిదైతే వదులు మరీ తగ్గించి బిగించామని, మూడోదైతే సీలు పోయిందని. రెండోదైతే ఎడమదీ కుడిదీ ఒకేసారి మార్చడమే.