ఆవిరిని ఆపి, నీటిని వదిలే నేర్పు

న్యూయార్క్ చలికాలంలో పాత భవనాల ఇనుప రేడియేటర్లు గదిని వెచ్చగా ఉంచితే అందరూ బాయిలర్‌నే మెచ్చుకుంటారు. ఆ మెప్పులో సగమైనా దక్కవలసింది రేడియేటర్ అడుగున, అరచేతిలో ఇమిడేంత ఇత్తడి పరికరానికి. దాని పేరు స్టీమ్ ట్రాప్. ఇంత చిన్న చోట ఇంత గొప్ప పనితనం నాకు మరెక్కడా కనిపించలేదు.

కిలో నీటిని సున్నా డిగ్రీల నుంచి మరిగేదాకా తేవడానికి 419 కిలోజౌళ్ల వేడి చాలు. మరిగిన ఆ నీరు ఆవిరి కావాలంటే మరో 2,257 కావాలి. ఈ వేడి అంతా ఆవిరిలో దాగి ఉండి, రేడియేటర్ లోపల అది మళ్లీ నీరయ్యే క్షణాన గదికి అందుతుంది. అందుకే ఆవిరి నీరయ్యేదాకా లోపలే ఉండాలి. నీరయ్యాక ఆలస్యం లేకుండా వెళ్లిపోవాలి. దారికి అడ్డం పడే గాలి కూడా పోవాలి. మెతుకు జారకుండా గంజి వార్చే చేయి ఎలాంటిదో ట్రాప్ అలాంటిది. దానికి కరెంటు అక్కర్లేదు, పక్కన మనిషీ అక్కర్లేదు.

రేడియేటర్లకు పెట్టేది థర్మోస్టాటిక్ ట్రాప్. అందులో పలుచని లోహపు బెలోస్ ఉంటుంది. ఆ బెలోస్‌లో నీటికన్నా కాస్త ముందే మరిగే ద్రవం నింపుతారు. ఆవిరి తాకగానే ఆ ద్రవం మరిగి బెలోస్ సాగుతుంది, కొసనున్న పిన్ను వెళ్లి దారి మూస్తుంది. చేరిన నీరు కొన్ని డిగ్రీలు చల్లారితే బెలోస్ ముడుచుకుని దారి తెరుచుకుంటుంది. చలికాలమంతా రాత్రింబవళ్లు ఇదే పని, చప్పుడన్నది లేకుండా!

పెద్ద పైపుల చివర ఫ్లోట్ ట్రాప్ ఉంటుంది. నీరు చేరేకొద్దీ లోపలి గుండు తేలి వాల్వును ఎత్తుతుంది, పైనున్న థర్మోస్టాటిక్ దారి గాలిని పంపిస్తుంది. ఇక మిషిగన్‌కు చెందిన ఆడమ్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1911లో చేసిన ఇన్వర్టెడ్ బకెట్ ట్రాప్ చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. బోర్లించిన బకెట్‌లోకి ఆవిరి చేరితే అది తేలి దారి మూస్తుంది, నీరు నిండితే మునిగి తెరుస్తుంది. గాలి పోవడానికి బకెట్ నెత్తిన ఒక చిన్న రంధ్రం. అంతే! ఫ్యాక్టరీల హై ప్రెషర్ లైన్లలో డిస్క్ ట్రాప్‌కు మంచి పేరుంది, కాదనను. ఇళ్ల తక్కువ ప్రెషర్ దగ్గర మాత్రం దాని పప్పులుడకవు. అక్కడ బెలోస్‌దే రాజ్యం.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పుకోవచ్చు. బర్డ్‌సిల్ హాలీ 1877లో లాక్‌పోర్ట్ పట్టణంలో ఒకే బాయిలర్ హౌస్ నుంచి ఇళ్లకు ఆవిరి పంపాడు. 1882 నుంచి మాన్‌హట్టన్ వీధుల కింద ఆవిరి పారుతూనే ఉంది. ఎంపైర్ స్టేట్ భవనపు 102 అంతస్తులూ చదరపు అంగుళానికి రెండు మూడు పౌండ్ల ప్రెషర్‌తోనే వెచ్చబడతాయని ఆవిరి హీటింగ్ వృత్తివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ పాత మేస్త్రీల విద్య మరుగున పడిపోతుంటే డాన్ హోలోహన్ 1992లో ‘ది లాస్ట్ ఆర్ట్ ఆఫ్ స్టీమ్ హీటింగ్’ రాసి నిలబెట్టాడు. ఆయనకు ఈ వృత్తి మొత్తం రుణపడి ఉంది.

ఇంతటి విద్యకు ఈనాడు పట్టిన గతి చూస్తే కడుపు మండుతుంది. మూడు నుంచి అయిదేళ్లు పట్టించుకోకపోతే ట్రాపుల్లో 15 నుంచి 30 శాతం చెడిపోయి ఉండవచ్చని అమెరికా ఇంధన శాఖే చెబుతోంది. తెరుచుకుని చెడిన ట్రాప్ ఆవిరిని, నీరు తిరిగి వెళ్లే రిటర్న్ పైపులోకి వదిలేస్తుంది. అక్కడ ఒత్తిడి పెరిగి మిగతా రేడియేటర్లలోని గాలికి దారి మూసుకుపోతుంది. చివరి గదులు చల్లబడతాయి, నీటిని ఆవిరి తరిమి కొట్టి పైపులు దడదడలాడతాయి. అప్పుడు మెకానిక్ చేసేదేమిటి? బాయిలర్ ప్రెషర్ పెంచుతాడు! రోగం ఒకటైతే మందు మరొకటి. కొందరైతే ట్రాప్ మూత విప్పి, లోపలి ఎలిమెంట్ (అంటే ఆ బెలోస్) పీకేసి, మూత మళ్లీ బిగించి వెళ్లిపోతారు. అది మరమ్మతు కాదు, మోసం. ఇంకొందరు ట్రాప్ స్థానంలో చిన్న రంధ్రమున్న బిళ్ల బిగించి ‘ఇక కదిలే భాగాలే లేవు’ అని అమ్ముతారు. నీరు ఎక్కువైనా తక్కువైనా ఆ రంధ్రానికి తేడా తెలియదు. తెలివి ఉన్నచోట రంధ్రం పెట్టడం పొదుపెలా అవుతుంది?

న్యూజెర్సీలో, షికాగోలో పాత అపార్ట్‌మెంట్లలో ఉంటున్న మనవాళ్లకూ, హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో బాయిలర్ చూసుకునే తమ్ముళ్లకూ నా విన్నపం ఒక్కటే. ట్రాప్‌కు ముందూ వెనుకా ఉష్ణోగ్రత కొలవండి. రెండు వైపులా ఒకేలా కాలుతుంటే ట్రాప్ ఆవిరిని వదిలేస్తోందేమోనని అనుమానించి, విప్పించి చూడండి. ప్రెషర్ పెంచనివ్వకండి, రేడియేటర్ పీకించకండి. ముందు ఎలిమెంట్ మార్పించండి.