ఏ ఊరు? ఏ టైము?

జులై వచ్చిందంటే మా పోలవరంలో గోదారికన్నా ముందు ఫోన్లు పోటెత్తుతాయి. గట్టుకు గండి పడిందని ఒకరు, కాఫర్ డ్యామ్ మీదకు నీళ్లొచ్చాయని ఇంకొకరు. ఏ మెసేజ్ వచ్చినా నేను ముందు వెతికేవి రెండే: ఏ ఊరు, ఏ టైము.

మూడో ప్రమాద హెచ్చరిక భద్రాచలంలో 53 అడుగులకు, ధవళేశ్వరంలో 17.75 అడుగులకు ఇస్తారు. ఊరి పేరు లేకుండా పంపితే చదివినవాళ్లకు భయం తప్ప ఏం తెలుస్తుంది? 'ఎనభయ్యారు వరదను మించిపోతుందట' అన్న మాటా అంతే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది. 2022 జులై 16న 71.3 దగ్గర ఆగింది. ఈ అంకెలు తెలిసినవాళ్లు ఆ మెసేజ్‌ని గుడ్డిగా ముందుకు తోయరు.

భద్రాచలం నీరు మన దగ్గరకు చేరడానికి గంటలు పడుతుంది. సామాను సర్దుకోవాలన్నా, గొడ్లను మెరకకు తోలుకెళ్లాలన్నా ఉన్న వ్యవధి అదే. నిన్నటి అంకెను ఇవాళ ఫార్వర్డ్ చేస్తే పెరుగుతున్న వరద కూడా నిలకడగా ఉన్నట్టే అనిపిస్తుంది. అందుకే కేంద్ర జలసంఘం, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఇచ్చే తాజా వివరాలతో సరిచూశాకే నేను గ్రూపులో పెడతాను.

అలాగని అధికారిక అంకెలొక్కటే చాలవు. ఏ వాగు పొంగి దారి మూసుకుపోయిందో, ఏ వీధికి పడవ కావాలో గేజీ చెప్పదు. అక్కడున్న మనిషే చెప్పాలి. 2018 కేరళ వరదల్లో చిక్కుకున్న ఎందరి జాడో సోషల్ మీడియా ద్వారానే బయటికి తెలిసింది. కాబట్టి వీడియో తీసేవాళ్లను కోరేదొకటే: నీళ్లతోపాటు ఊరి బోర్డో, గుడో, బడో కనబడేలా తీయండి. తేదీ, టైము నోటితో చెప్పండి. సాయం అందాక ఆ సంగతీ అదే గ్రూపులో పెట్టండి. లేకపోతే ఖాళీ అయిన ఇంటికి పడవ మళ్లీ వెళ్తుంది, అవసరమున్నవాళ్లు ఇంకోచోట ఎదురుచూస్తుంటారు.

ముంపు ఊళ్లలో కరెంటు పోతే ఫోన్లలో ఛార్జింగ్ ఉండదు, సిగ్నలూ ఉండదు. కూనవరం నుంచో, వేలేరుపాడు నుంచో పోస్టులు రావడం లేదంటే అక్కడ అంతా బాగుందని అర్థం కాదు. నిన్నటిదాకా కబురు పంపిన ఊరు ఇవాళ పలకకపోతే ఊరుకోకండి. రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070కి ఫోన్ చేసి, ముందు ఆ ఊరి పేరే చెప్పండి.